అడిగానండీ

మా ఎదురు స్థలంలో ఎవరో ఇల్లు కట్టుకోబోతున్నారు. పల్లంగా ఉందని నాలుగు రోజులుగా ట్రాక్టర్లతో రైసుమిల్లు ఊక బూడిద తెచ్చి పోయిస్తున్నారు. నిన్న సాయంత్రం వాన పడింది. వట్లూరులో మేం అద్దెకుంటున్న ఈ ఇంటికి వీధి వైపు ఒకటే కిటికీ. ఆ కిటికీలోంచి తడిసిన బూడిద వాసన లోపలికి వచ్చింది. కాలిన పొట్టు వాసన, దాని అడుగున బురద వాసన. అన్నం కలుపుకుంటున్నదాన్ని కంచం పక్కకి జరిపేశాను. ఏమైందని మా ఆయన అడిగారు. "బాబాయి గారు గుర్తొచ్చారండీ" అన్నాను. "ఏ బాబాయి?" అన్నారు. నిజమే, ఆయనకి తెలియదు. మీకూ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఊక బూడిద సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు తాడేపల్లిగూడెంలో, రైసుమిల్లుల వెనక వీధిలో. అక్కడ సగం ఇళ్ల పెరళ్లు బూడిద మీదే ఉన్నాయి. మట్టయితే కొనుక్కోవాలి, బూడిద మిల్లువాళ్లు ఊరికే ఇచ్చేవారు. బూడిద పోసి, పైన జానెడు మట్టి పరిస్తే చూడటానికి గట్టి నేలే. పిల్లలు ఆడుకుంటారు, బట్టలారేస్తారు, ఏమీ అవదు. కానీ వాన లోపలికి దిగాక ఒకే చోట బరువు పెట్టారంటే, పొంగిన పూరీ మీద వేలు పెట్టినట్టు దిగిపోతుంది.

దానియేలు బాబాయి గారు మా పక్కింటాయన. మిల్లుల్లో ఫిట్టరు. పొట్టి మనిషి. ఆదివారం చర్చికి తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ గ్రీజు మరకల చొక్కా. బేరింగు ఎక్కడ అరిగిందో యంత్రం మీద చెయ్యి ఆనించి చెప్పేవారట. మిల్లుల వాళ్లు రిక్షా పంపించి మరీ పిలిపించుకున్న రోజులున్నాయని రూతమ్మ పిన్ని, అంటే ఆయన భార్య, గొప్పగా చెప్పుకునేది. నేనేమో ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని. నాన్న పోయాక ఆయన మోటారు సైకిలు మిగిలింది. చేపల మేత కొట్టువాళ్లు నీళ్ల పరీక్షలకి మనిషి కావాలంటే ఆ బండేసుకుని చేరిపోయాను. ఉంగుటూరు మీదుగా నిడమర్రు దాటి, కొల్లేటి వైపు చెరువు గట్ల మీద తిరగడం, సీసాల్లో నీళ్లు పట్టి తేవడం, ఇదీ పని. ఆ గట్ల బురదకి వారం తిరిగేసరికి చెయిను పట్టేసేది. బండికి నడిమి స్టాండు ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. అందుకని చెయిను కడగాలంటే కింద ఇటుకలు పేర్చి, బండిని ఎలాగో ఎక్కించి, కిరసనాయిలు గుడ్డ పట్టుకుని దూరేదాన్ని.

ఒకరోజు అలా కూర్చుని ఉంటే గోడ మీంచి మాట వినబడింది.

"అమ్మాయ్, ఆ చెయ్యి నీదేనా?"

"నాదేనండీ."

"అక్కర్లేదా మరి?"

నాకు నవ్వొచ్చింది, ఆయన నవ్వలేదు. గోడ చుట్టూ తిరిగొచ్చి, బండి దింపించి, ఆ ఇటుకని కాలితో తన్నారు. రెండు ముక్కలైంది. "ఇటుక చెప్పి విరగదే మంగా. కర్రయితే ముందు మూలుగుద్ది. మూలిగే దాన్ని నమ్ము" అన్నారు.

ఆ వారమే నాకు పీటలు చేసి పెట్టారు. పీటలంటే కూర్చునేవి కావు. తుమ్మకర్రతో మోకాలెత్తున రెండు దిమ్మలు. కాళ్లు బాగా ఎడంగా, పైన గాడి, గాడిలో పాత సైకిలు ట్యూబు ముక్క. వెనక చక్రానికి ఇటూ అటూ ఇనప పిడులు బిగించారు. పైపుతో ఒక పక్క లేపి ఒక పిడి గాడిలో కూర్చోబెట్టాలి, తర్వాత రెండో పక్క. చక్రం గాల్లో హాయిగా తిరుగుతుంది. బండి లేపకముందే ముందుబ్రేకు నొక్కి ట్యూబు ముక్కతో కట్టెయ్యాలి. హేండిలు నుంచి వసారా దూలానికి తాడు వెయ్యాలి. పీటల కింద నాపరాయి ఉండాలి. ఇవన్నీ అయ్యాక కూడా చెయ్యి పెట్టకూడదు. అడగాలి.

అడగడం అన్నది ఆయన మాట. సీటు పట్టుకుని ముందుకి తొయ్యాలి, వెనక్కి లాగాలి, ఎడమకి, కుడికి. తర్వాత సీటు మీద సగం బరువు వేసి పది అంకెలు లెక్కపెట్టాలి, పీట కాళ్లనే చూస్తూ. "నాలుగు పక్కలా అడుగు. ఉంటానని అది చెబితేనే నువ్వు కిందకి దూరు" అనేవారు. నాకు వాగుడెక్కువ. లెక్కపెడుతూ మధ్యలో కబుర్లు చెబితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టించేవారు. "నీ నోటికి కూడా ఒక పీట చెయ్యాలే" అని వెక్కిరించేవారు. రూతమ్మ పిన్ని లోపల్నుంచి "దాన్ని వాగనివ్వండి, ఇంట్లో రేడియో లేదు కదా" అనేది. ఆయన చెయ్యి కిందకి పెట్టేముందు ప్రతిసారీ "అడిగావా?" అనేవారు. నేను "అడిగానండీ" అనేదాన్ని. ఏడాదిలో మా వీధిలో ఇంకో నాలుగిళ్లవాళ్లు పీటలు చేయించుకున్నారు. ఇటుకలు పెట్టేవాళ్లే లేకుండా పోయారు. ఆయన మిల్లు పని గురించి ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు గానీ, ఆ పీటల గురించి చెప్పుకునేవారు.

ఆ రోజు పొద్దున్నే చెరువు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, మందు పట్టుకుని తొందరగా రమ్మన్నారు. బయల్దేరదామంటే చెయిను పట్టేసింది. అంతకు ముందు మూడు రోజులూ వాన. నాపరాయి నిండా నాచు, నీళ్లు. బాబాయి గారు కాలితో రాసి చూసి, "జారిపోద్ది, వద్దు" అన్నారు. పక్కన మట్టి నేల మీద పెడితే దూలం తాడు అందదు. రేపు చూద్దామన్నారు. "చేపలు చచ్చిపోతాయండీ, బాబాయి గారూ" అని నేనే బతిమాలాను. ఆయన నేల మీద మడమతో రెండుసార్లు తొక్కి, "బూడిద నేల. తాడు కూడా లేదు. గట్టిగా అడుగు" అని పానాలు తేవడానికి లోపలికి వెళ్లారు.

నేను బండి ఎక్కించాను. సీటు మీద చెయ్యి వేశాను. అప్పుడే మళ్లీ ఫోను మోగింది. ఇంకా బయల్దేరలేదా అని అవతలివాళ్లు. వస్తున్నానండీ, వస్తున్నానండీ అంటుండగా బాబాయి గారు వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చున్నారు.

"అడిగావా?"

"అడిగానండీ."

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. రోజూ అనే మాటే కదా. ఆయన కుడి చెయ్యి చెయిను మీద పెట్టారు. ఎడమ పీట కాలు చప్పుడు లేకుండా నేలలోకి దిగింది. బండి ఆయన మీదకి ఒరిగింది. నేను వెనక కడ్డీ పట్టుకున్నాను గానీ ఆపలేకపోయాను. ఆయన వేళ్లు చెయినుకీ పళ్లచక్రానికీ మధ్య నలిగిపోయాయి. ఏలూరు ఆసుపత్రిలో చూపుడు వేలు, మధ్య వేలు సగానికి తీసేశారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. చూడటానికి వచ్చిన వాళ్లందరికీ "అమ్మాయి అడిగిందండీ. నాలుగు పక్కలా అడిగింది. పీటే తప్పు" అని చెప్పేవారు. కట్టు విప్పాక నన్ను పిలిచి, "ఏ పక్క ముందు అడిగావే? ఎడమకి తోసినప్పుడు కొంచెం కూడా కదల్లేదా?" అన్నారు. నేను లేదండీ అన్నాను. ముందు ముందుకి తోశాననీ, తర్వాత వెనక్కి లాగాననీ, పది లెక్కపెట్టాననీ చెప్పాను. ఒక్క మాటతో మొదలైంది, ఇంత పొడుగైంది. ఆయన అన్నీ విని తల పంకించి, సుద్దముక్క ఎడమ చేత్తో పట్టుకుని వసారా గచ్చు మీద పీట బొమ్మ వేసి చూసుకునేవారు. కాళ్ల ఎడం పెంచేవారు, చెరిపేవారు, కింద అడ్డచెక్క వేసేవారు. "అడిగితే ఉంటానంది. మరెందుకు పడింది?" అని గచ్చుని అడిగేవారు. మిల్లుల వాళ్లు పిలవడం మానేశారు. చెయ్యి ఆనించి చెప్పే మనిషి, ఆనించడానికి ఆ వేళ్లే లేవు. దానికి ఆయన అంత బాధపడలేదు. అబద్ధమని తెలియక నా మాట నమ్మి, తన బుర్రనే నమ్మడం మానేశారు. అది నా కళ్ల ముందే జరిగింది.

రెండేళ్లు నేను నోరు విప్పలేదు. అంత వాగుడుకాయని. రేపు చెబుదాం, చర్చికి వెళ్లొచ్చాక చెబుదాం, ఆయనకి సుగరు తగ్గాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఒక రోజు పని నుంచి వచ్చేసరికి ఆయన సైకిలుకి పీటలు కట్టుకుని వీధిలోంచి నడిపించుకుంటూ వస్తున్నారు. చేసిచ్చిన నాలుగిళ్లకీ వెళ్లి వెనక్కి అడిగి తెచ్చేశారట. "నమ్మకం లేని సరుకండీ, ఇంకొకరి చెయ్యి పోకూడదు" అన్నారట. నా పీటలు కూడా ఇమ్మన్నారు. ఇచ్చాను. పెరట్లో ఎడమ చేత్తో గొడ్డలి పట్టుకుని, గురి కుదరక నాలుగేసి దెబ్బలు వేస్తూ అన్నీ చీల్చారు. వారం రోజులు వాళ్లింట్లో వేణ్ణీళ్ల పొయ్యిలోకి ఆ కర్రే.

పీటలు అయిపోయాక వెళ్లాను. ఆ కర్ర ఇంకా ఉండగా వెళ్లలేదు, చూడండి. మధ్యాహ్నం. ఆయన వసారాలో కూర్చున్నారు.

"బాబాయి గారూ, ఆ రోజు నేను అడగలేదండీ."

"ఏ రోజు?" అన్నారు. అని, వెంటనే తెలిసిపోయింది ఆయనకి.

"ఒక్క పక్కయినా?"

"లేదండీ. ఫోనొచ్చింది. అడిగానని ఊరికే అనేశానండీ."

ఆయన తన చెయ్యి వంక చూసుకోలేదు. పొయ్యి వైపు చూశారు. "అయితే అది చెప్పేదే. అడిగుంటే చెప్పేదే" అన్నారు.

"చెప్పేదండీ."

నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. కొడతారేమో అని కూడా అనుకున్నాను. కొడితే ఆయన కాళ్లు పట్టుకుని ఏడవొచ్చు. ఆయన లోపలికి తిరిగి, "రూతూ, మంగ గారొచ్చారు, మంచినీళ్లియ్యి" అన్నారు. నాతో "కూర్చోండి" అన్నారు.

మొదట నాకు అర్థం కాలేదు. తడబడ్డారనుకున్నాను. నీళ్లు తాగి లేచాను. "జాగ్రత్తగా వెళ్లి రండి" అన్నారు. పక్కిల్లే మాది, నాలుగడుగులు.

ఆ తర్వాత ఆయన బతికింది పదినెలలు. ఎప్పుడు ఎదురైనా పలకరించేవారు. మీ అమ్మగారు బాగున్నారాండీ, డ్యూటీ నుంచి వచ్చేశారాండీ అని, ఎంతో మర్యాదగా. వీధిలో వినేవాళ్లకి అందులో తప్పు కనబడదు. మా వైపు అందరం అలాగే మాట్లాడతాం కదా. నాకు మాత్రం ఆ మీరు అన్నప్పుడల్లా తలుపు గడియ పడినట్టుండేది. ఒకసారి ఉండబట్టలేక, "బాబాయి గారూ, నన్ను నువ్వనండి" అన్నాను. ఆయన కోపంగా లేరు. కొంచెం ఆలోచించారు కూడా, నిజంగానే ప్రయత్నించినట్టు. "అలవాటు తప్పిపోయిందండీ" అన్నారు.

జ్వరంతో పోయారు. సమాధుల తోట నుంచి వచ్చాక రూతమ్మ పిన్ని పక్కన కూర్చుని, "పిన్నీ, నా మీద కోపంతోనే పోయారా?" అని అడిగాను. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, "కోపమైతే తిట్టేవారమ్మా" అంది. ఆ మాట నాకు ఓదార్పుగా చెప్పిందో, నిజం చెప్పిందో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేను ఏలూరులో ఒక ల్యాబులో చేస్తున్నాను. కొల్లేటి నీళ్లే, సీసాలే. ఈ నీళ్లు చూశావా అని మా మేడమ్ గారు అడిగితే నాకు వెంటనే జవాబు రాదు. చూశానో లేదో మళ్లీ తలుచుకుంటాను. చూడకపోతే, "లేదండీ, చూడలేదు" అంటాను. ఆవిడ కోప్పడతారు. "ఒక్క ముక్క చెప్పడానికి ఇంతసేపా, నువ్వు ఎప్పుడు బాగుపడతావే?" అంటారు. తిట్టినంతసేపూ నిలబడి వింటాను.