మా మరిది బాగుచేసిన సత్తు పడవ

మా మరిది పోయిన కబురు నాకు ఆస్పత్రి నుంచి రాలేదు. అతనికి పంపడానికి గంజి వారుస్తుంటే వీధి అరుగు మీద నుంచి వినిపించింది.

"చేపల శెట్టి పోయినాడంటప్పా" అన్నాడొకాయన.

"పోనీలే, ఇంగ ఈ వీధికి కంపు తప్పినట్టే" అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ నవ్వారు.

ఏడుపు నాకు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసహ్యమే. నెల దాటినా అది పోలేదు. అందుకే రాస్తున్నాను.

మాది గిన్నెల వ్యాపారం. బజారులో దుకాణం మా ఆయన పేరు మీద నడిచినా, కొట్టులో కూర్చునేది, సొట్టలు తీసేది, చిల్లులకు మాట్లు వేసేది అంతా మా మరిదే. పెళ్ళయిన రెండో ఏడే అతని భార్య పురిట్లో పోయింది. మళ్ళీ చేసుకోలేదు. ఏ గిన్నె చేతికిచ్చినా వేలి కణుపుతో ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. సత్తు గిన్నెలంటే, అదే అల్యూమినియం గిన్నెలంటే, అందరికీ చులకన. అతనికి మాత్రం వాటి మీదే ప్రేమ. "సత్తుకు రోషం ల్యాదు వదినా, ఎన్ని సొట్టలు పడినా మెల్లగ చెప్తే ఇంటాది" అనేవాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆఫీసర్లకు ఇళ్ళు దొరికేవి కావు. మా పెరటి వైపు రెండు గదులు ఒక ఆఫీసరుకు అద్దెకిచ్చాం. అతనికి ఆదివారాలు తుంగభద్రలో చేపలు పట్టే సరదా. దానికోసం ఎక్కణ్ణుంచో సత్తు పడవ ఒకటి తెప్పించుకున్నాడు. ఒకనాడు అది బండకు కొట్టుకుని అడుగున చీలింది. తెచ్చి మా పెరట్లో పడేశాడు. ఆఫీసులు హైదరాబాదుకు తరలినప్పుడు మంచాలు, కుర్చీలు, పూలకుండీలు కూడా లారీ ఎక్కించాడు గానీ పడవను వదిలేసి పోయాడు. లోపల వల, ఎర డబ్బా, ఇంకా ఏమేమి ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎండ కాసే కొద్దీ కంపు పెరిగేది. నీచు ముట్టకపోగా, ఉల్లిపాయ కూడా వారం, తిథి చూసుకుని వండే ఇల్లు మాది. పిల్లులు దాని చుట్టూ తిరుగుతుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఏడాది తర్వాత, వానాకాలంలో, నదికి ఉధృతి వచ్చిన పొద్దు, రేవులో జనాన్ని దాటించే గుండ్రటి తోలు పుట్టి నది నడిమధ్య చినిగిపోయింది. అవతలి గట్టు నుంచి కూలికీ, కూరగాయలమ్మడానికీ వచ్చే ఆడవాళ్ళు ఐదుగురు అందులో ఉన్నారు. పుట్టి నడిపే ఆయన, ఆడవాళ్ళలో నలుగురు అంచు పట్టుకుని బతికారు. ఐదో ఆమె, మా వీధిలో వంకాయలమ్మే ఆమె, కొట్టుకుపోయింది. ఆ రోజు మా మరిది స్నానానికి వెళ్ళి గట్టు మీదే ఉన్నాడు. ఈత రాదు. చూస్తూ నిలబడ్డాడు.

 నాలుగో రోజు పెరట్లోకి వచ్చి పడవను వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ఏం చేస్తాండావు?" అన్నాను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇది బాగైతాది వదినా. పుట్టాయనకు ఇస్తా."

"ఆ పాడు దాన్ని ముట్టుకుంటే నువ్వు ఈ ఇంట్లోకి రావద్దు" అన్నాను.

అతను తల ఊపాడు. అంతే. ఆ పూట నుంచి వాకిట్లోనే భోజనం.

అడుగు పలకలు ఊడదీసిన రోజు నేను కిటికీలోంచి చూశాను. నల్లటి జిగురు, దానిలో పొలుసులు, తెల్లగా కదిలే పురుగులు. అక్కడే కక్కుకున్నాను. అతను మాత్రం కొబ్బరి చిప్పతో, ఇసుకతో గీకుతూనే ఉన్నాడు. ఇనుము తగిలితే సత్తు పాడవుతుందట. పెరటి మూల గుంత తీసి ఆ కుళ్ళంతా పూడ్చాడు. తర్వాత పడవలో నీళ్ళు నింపి, బయట ఎక్కడెక్కడ చుక్క కారుతోందో చూసి సుద్దతో గుర్తులు పెట్టాడు. పుచ్చిన చోట రేకు కత్తిరించాడు. మాటుకు సరిపోయే రేకు దొరక్కపోతే, దుకాణంలో అమ్మకానికున్న, పెళ్ళి వంటలకు వాడే పెద్ద సత్తు డేగిసా ఒకటి కోసేశాడు. రేకు మీద సబ్బు రుద్ది, బొగ్గుల సెగ చూపి, సబ్బు గోధుమ రంగుకు తిరగగానే తీసేవాడు. అప్పుడది మెత్తబడేది. కొయ్యసుత్తితో కొట్టి పడవ వంపుకు వంచి, తారులో ముంచిన గుడ్డ మధ్యలో పెట్టి రివిట్లు బిగించేవాడు.

రెండు నెలలు ఆ చప్పుడు విన్నాను. ఆ రెండు నెలలూ అతనికి విస్తట్లో ఎత్తు నుంచి వడ్డించాను, కుక్కకు వేసినట్టు. మెతుకులు నేల మీద పడేవి. ఏరుకుని తినేవాడు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ ఊరివాళ్ళ సంగతి రాసి నా సంగతి దాస్తే వాళ్ళకూ నాకూ తేడా ఏముంది?

ఊరివాళ్ళ సంగతికి వస్తే, కులపెద్దలు దుకాణానికి వచ్చారు. "నైవేద్యం గిన్నెలమ్మే చేతుల్తో చేపల పడవ కడుగుతాండావంట. మేం నీ కాడ యెట్ల కొనాల?" అన్నారు. అందులో ముందు నిలబడి మాట్లాడిన పెద్దమనిషి పురుగు పట్టిన కందిపప్పును ఎండబెట్టి, చెరిగి, కొత్త పప్పుతో కలిపి అమ్ముతాడని బజారంతటికీ తెలుసు.  మా మరిది ఇంటికొచ్చి నాతో, "మురికి చేతికంటితే నీళ్ళుండాయి వదినా. నోటికంటితే ఏమేసి కడుగుతారో" అన్నాడు.

పడవ నదిలో దిగింది. పుట్టాయన దాన్ని నడుపుతున్నాడని, చుక్క నీరు కూడా రావడం లేదని విన్నాను. అయినా నేను మరిదిని లోపలికి పిలవలేదు. అలవాటైపోయింది నాకు.

మూడు నెలలకు ఆఫీసరు మనిషి లారీ తీసుకుని వచ్చాడు. మరిది దుకాణంలో ఉన్నాడు. "పడవ మా దొరగారిదండీ. బాగుచేయించారని తెలిసింది. తీసుకురమ్మన్నారు" అన్నాడు.

మా ఆయన నసిగాడు. "వాళ్ళ సొత్తే కదా, ఇచ్చేద్దాం. పెద్దోళ్ళతో మనకేల?"

అంతవరకు పరాయి మగవాడి ఎదుట నేను తలుపు దాటి మాట్లాడలేదు. ఆ రోజు వాకిట్లోకి వచ్చాను.

"మీ దొర మా ఇంట్లో ఇడిసిపెట్టింది పురుగులు, పాచి, కుళ్ళిన ఎర. అది పెరట్లో గుంతలో భద్రంగా ఉండాది. పార ఇస్తా, తవ్వుకోని లారీకెత్తుకో. నదిలో ఉండేది మా మరిది చేసింది. దాని జోలికొస్తే అవతలి గట్టు ఆడోళ్ళందర్నీ తీసుకోని మీ దొర వాకిలికే వస్తా."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. లారీ ఖాళీగా పోయింది.

మధ్యాహ్నం మరిది వచ్చి ఎప్పటిలాగే వాకిట్లో కూర్చోబోయాడు. "లోపలికి రా" అన్నాను. వంటింట్లో పీట వేసి, కంచంలో వడ్డించి, ఎదురుగా కూర్చున్నాను.  అతను ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, "వదినా, పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు. అన్ని నెలల్లో అతను వంకపెట్టిన మొదటి కూర అది. లేచి ఉప్పు తెచ్చి వేశాను.

ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు.

శవం లేచేటప్పుడు పెద్దలు వచ్చారు, కండువాలు ముక్కుకు పెట్టుకుని. పుట్టాయన, అతని మనుషులు వీధి చివర నిలబడ్డారు. ఒక్క భుజం పట్టనియ్యమని అడిగితే, పప్పు వ్యాపారి చేత్తోనే పొమ్మని సైగ చేశాడు. వాళ్ళు పాడెకు దూరంగా, వెనకాల నడిచారు. లారీ మనిషి ముందు లేచిన నా నోరు ఆ రోజు లేవలేదు. ఏడుస్తున్నాను కదా అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఆ సాకు తల్చుకుంటే నా మీద నాకే రోత.

కర్మలన్నీ అయ్యాక ఒక ఉదయం ఒంటరిగా రేవుకు వెళ్ళాను. పుట్టాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అవతలికి పోవాల్నా అమ్మా?"

"ఊరికే. పొయ్యొస్తా" అన్నాను.

పడవ నిండా కూలికి పోయే ఆడవాళ్ళు. జరిగి చోటిచ్చారు. అడుగున మా మరిది వేసిన మాట్ల మీద పాదాలు పెట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి. నది నిండుగా పోతోంది. ఎవరూ అంచు పట్టుకోలేదు, ఎవరూ దేవుణ్ణి తలుచుకోలేదు. మిరపచేను గురించి, ఎవరి కోడలి గురించో మాట్లాడుకుంటున్నారు. నా పక్కన కూర్చున్న ఆమె మాత్రం మోకాళ్ళ మీద తల వాల్చి, నడి నదిలో, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.