డెన్మార్క్‌లో పక్క సీటు

డెన్మార్క్‌లో కోటలు చూడాలన్నది మా అమ్మాయి కోరిక. కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటూ తిరగాలన్నది మా ఆయన పట్టుదల. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంట్లో సూట్‌కేసులు సర్దుతూ చిన్న రైస్ కుక్కర్, కందిపొడి డబ్బా, ఆవకాయ సీసా బట్టల మధ్య ఇరికించడం నా వంతు.

అప్పటికే నా మెయిల్‌లో ఒక ఉద్యోగం నా జవాబు కోసం కాచుకుని ఉంది. డాలస్ డౌన్‌టౌన్‌లో ఒక హాస్పిటల్ ల్యాబ్. ఏళ్ల తరబడి డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాక, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక, దొరికిన మొదటి మంచి అవకాశం అది. ట్రిప్ నుంచి రాగానే అవుననో కాదనో చెప్పాలి. కాదని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఎందుకంటే అక్కడికి వెళ్లాలంటే టోల్‌వే ఎక్కాలి, అంటే టోలు కట్టి పోయే పెద్ద హైవే. దాని మీద నేను కారు నడపలేను.

నవ్వకండి. స్కూలు, గుడి, ఇండియన్ షాపు, పుట్టినరోజు పార్టీలు, ఊళ్లో నేను నడపని వీధి లేదు. కానీ టోల్‌వే ఎక్కే రాంప్ కనబడితే చాలు, అరచేతులు చెమట పట్టేవి. "కొంతమందికి హైవే పడదు. నేనున్నాగా!" అనేవారు మా ఆయన. ఆ మాటలో ఉన్నది నిజంగా ప్రేమే. పక్క సీట్లో కూర్చున్నప్పుడు మాత్రం ఆ ప్రేమ ఇలా వినబడేది: "బ్రేక్, బ్రేక్, బ్రేక్! ఆ ట్రక్ చూశావా? అంత దగ్గరికెందుకు పోతావ్? మిర్రర్ చూడు. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు... ఆ, ఇప్పుడు పో!"

ఇక కోపెన్‌హేగన్ ఎయిర్‌పోర్టులో జరిగింది చెప్తాను. మంచి డీల్ పట్టానని మా ఆయన నెల రోజులుగా ఎగిరెగిరి పడుతున్నారు. కౌంటర్‌లోని అమ్మాయి తాళాలు ఇస్తూ, ఇది మాన్యువల్ గేర్ల కారు అంది. టెక్సాస్‌లో అన్నీ ఆటోమేటిక్‌లే కదా, బుక్ చేసేటప్పుడు ఈయనకి ఆ గడి చూడాలని కూడా తోచలేదు. ఆటోమేటిక్ ఇమ్మంటే, సెలవుల రోజులు, ఒక్కటీ మిగల్లేదంది. ఈయన డ్రైవింగ్ నేర్చుకున్నదే అమెరికా వచ్చాక. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ బైకే. క్లచ్ అంటే చేత్తో నొక్కేదని మాత్రమే ఆయనకు తెలుసు. కుడితిలో పడ్డ ఎలుకలా నా వైపు చూశారు.

నేను కాకినాడలో, కాలేజీ రోజుల్లో, నాన్నగారి పాత కారు మీద నేర్చుకున్నాను. ఆయన పక్కన కూర్చుని పేపరు చదువుకునేవారు. ఇంజను మూలిగితే పేపరు దించకుండానే "గేరు" అనేవారు. పాఠం అంతే.

"నేను నడుపుతాను," అన్నాను.

"అమ్మా, నీకు స్టిక్ షిఫ్ట్ వచ్చా?" మా అమ్మాయి కళ్లు ఇంతింత చేసుకుంది. దానికి పద్నాలుగేళ్లు. అమ్మకు వంట తప్ప ఇంకేదైనా వచ్చని వినడం దానికి అదే మొదటిసారి.

కాకినాడలో ఎడమ చేత్తో గేరు మార్చేదాన్ని. ఇక్కడ స్టీరింగ్ ఎడమ పక్క, గేరు కుడి చేతికి. నా ఎడమ చెయ్యి పోయి పోయి తలుపును తడిమేది. పార్కింగ్ లాట్‌లోనే రెండు మూడుసార్లు కారు కుదిపి ఆగిపోయింది. కానీ పాదానికి జ్ఞాపకం ఉంది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అది కాసేపట్లో కనిపెట్టేసింది.

ఊళ్లు దాటుతుంటే ఏదో తేడాగా ఉంది. కాసేపటికి గాని అదేమిటో తట్టలేదు. మా ఆయన మాట్లాడటం లేదు. పక్కన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. క్లచ్ తెలియని మనిషి ఏమని సలహా ఇస్తారు చెప్పండి!

కాళ్లకు పని లేదు కాబట్టి నోటికి వేరే పని కల్పించుకున్నారు. ఫోన్‌లో కోటల చరిత్ర పైకి చదవడం మొదలుపెట్టారు. సరస్సు మధ్యలో ఎర్రిటుకల కోట, పచ్చబడిన రాగి కప్పులు. ఇంకో చోట సముద్రం ఒడ్డున కోట, బురుజు మీద ఫిరంగులు, ఎదురుగా నీళ్ల అవతల స్వీడన్. ప్రతి కోటా ఓసారి తగలబడిందట, ప్రతి రాజూ మళ్లీ కట్టించాడట. రాజులందరికీ రెండే పేర్లు, మన ఇళ్లలో తాతల పేర్లలాగా తిప్పి తిప్పి పెట్టుకున్నారు. కారు ఆపిన చోటల్లా అద్దం వెనక ఒక అట్ట గడియారం పెట్టాలి అక్కడ, ఎన్నింటికి ఆపామో తెలియడానికి. ఆ ముల్లు తిప్పే పని మా ఆయన దీపారాధన అంత శ్రద్ధగా చేశారు. కోటల ముందు బల్లల మీద కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న ఆవకాయన్నం తిన్నాం. అంత హాయిగా నేను సెలవుల్లో ఎప్పుడూ లేను.

తర్వాత ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి వెళ్లే పెద్ద వంతెన వచ్చింది. సముద్రం మీద ఆకాశంలోకి ఎక్కుతున్నట్టుంది. గాలి కారును పక్కకు తోస్తోంది, అటూ ఇటూ లారీలు. చేతులు చెమట పట్టాయి. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకని యాక్సిలరేటర్ తొక్కాను. మా ఆయన పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నోరు మాత్రం విప్పలేదు. అవతలి ఒడ్డు చేరాక నేను గట్టిగా నవ్వాను. గొంతు నాదేనా అనిపించింది.

అక్కడితో కథ అయిపోతే బాగుండేది. ఆ సాయంత్రం ఆయన హోటల్లో కూర్చుని క్లచ్ ఎలా వాడాలో వీడియోలు చూశారు. మర్నాడు రీబెలో, ఆ దేశంలో అన్నిటికన్నా పాత ఊరంటారు దాన్ని, నాపరాళ్లు పరిచిన ఇరుకు సందులోకి తిరిగాను. రెండు పక్కలా ఒంగిపోయిన పాత ఇళ్లు.

"క్లచ్, క్లచ్! సగమే వదులు. లెఫ్ట్‌కి రా. గోడ, గోడ! సెకండ్ నుంచి ఫస్ట్‌కి... ఇప్పుడు కాదు!"

కారు ఠక్కున ఆగిపోయింది. స్టార్ట్ చేశాను. మళ్లీ ఆగిపోయింది. వెనక సైకిల్ మీద ఒక పెద్దావిడ ఓపిగ్గా నిలబడింది. సముద్రం దాటినదాన్ని, సందు దాటలేకపోయాను.

వెనక సీట్లోంచి మా అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అంది. "అమ్మా, డాడీ సైలెంట్ ఉంటే నువ్వు గుడ్ డ్రైవర్. డాడీ టాక్ చేస్తే బ్యాడ్ డ్రైవర్. వియర్డ్ కదా?"

ఇన్నేళ్లూ నేను భయపడింది టోల్‌వేకి కాదు.

"విన్నారా?" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "నీకేమైనా అవుతుందేమోనని భయం. అంతేనే."

"తెలుసండీ. ఆ భయం మీ దగ్గరే ఉంచుకోండి. నా చేతికివ్వకండి."

కోపంగానే అన్నాను. వెనక్కు తీసుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను కారు స్టార్ట్ చేసి సందు దాటించాను. పెద్దావిడ గంట కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయనే మాట కలిపారు, కందిపొడి ఇంకా ఉందా అని. సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెరిపేసి, ఆ రాత్రే ల్యాబ్‌కి వస్తానని రాసి పంపించాను.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్న గరాజ్‌లోకి వెళ్లేసరికి మా ఆయన పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చేతిలో కాఫీ.

"ఫస్ట్ డే కదా. ఊరికే తోడొస్తా. ఒక్క మాట మాట్లాడను, ఒట్టు. రిటర్న్‌కి క్యాబ్ బుక్ చేసుకుంటాలే."

మాట్లాడరని నాకు తెలుసు. నా కోసం నోరు కట్టుకుని డాలస్ దాకా కూర్చుంటారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను.

"దిగండి," అన్నాను.

దిగారు. బెల్టు తీసి, కాఫీ ఒలక్కుండా, నెమ్మదిగా. నేను రివర్స్ చేస్తుంటే అద్దం దగ్గరకు వంగి ఏదో చెప్పబోయి, మానేసి, చెయ్యి ఊపారు. పక్క సీటు ఇంకా వెచ్చగానే ఉంది. నా హ్యాండ్‌బ్యాగ్ దాని మీద పెట్టుకుని టోల్‌వే ఎక్కాను.