గంటక్క పేరున పేటెంట్

కుట్టు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే మెకానిక్, ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరినీ నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. అలాంటివాడు మూడు నెలలుగా టీ టైంలో లైన్ల వెంట తిరుగుతున్నాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు, చెవి మీద పెన్ను.

"ఏంటి బాబాయ్, ఎలక్షన్లో నిలబడుతున్నావా?" అని కాలర్లు కుట్టే పొడుగమ్మాయి ఏడిపించింది.

"నిలబడటానికి మోకాళ్లు సహకరించొద్దూ? మీ గంటక్క పేరున పేటెంట్ పెడుతున్నా. సంతకం చెయ్యి."

పొడుగమ్మాయి నవ్వు ఆపేసింది. టీ గ్లాసు కింద పెట్టి, చేతులు తుడుచుకుని పెన్ను అందుకుంది.

గంటక్క అంటే మెకానిక్ భార్య. అదే ఫ్యాక్టరీలో, మూడో లైన్లో, పంతొమ్మిదేళ్లు ప్యాంట్ల పక్క కుట్లు కుట్టింది. ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయి రెండేళ్లయింది.

కుట్టేవాళ్లకి ఒక పీడ ఉంది. మిషన్ పైన ఉండే దారం కంటికి కనిపిస్తుంది. కింద బాబిన్‌లో ఉండే దారం కనిపించదు. అది అయిపోయినా మిషన్ ఆగదు, సూది దాని మానాన అది పోట్లు వేసుకుంటూ పోతుంది. ప్యాంటు కాలు మొత్తం కుట్టేశాక తిప్పి చూస్తే కుట్టు ఉండదు, బెజ్జాలే ఉంటాయి. ఇక సూపర్‌వైజర్ నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

ఒక ఆదివారం గంటక్క కూరగాయలు తరుగుతూ, "పైదారం ఎంత పోతే కిందిదారం ఇంచుమించు అంతే పోతుంది కదా. కిందది కనబడకపోతే పైదాన్నే కొలవొచ్చుగా" అంది.

"ఓస్, పెద్ద ఇంజినీరమ్మవి బయల్దేరావు" అని మెకానిక్ నవ్వేశాడు. అన్నేళ్లు మిషన్లు విప్పి బిగించినా తనకి తట్టని మాట అది. ఆ నవ్వు అతన్ని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఆవిడ నవ్వలేదు, అలగలేదు. విరిగిన బొమ్మకారు చక్రం ఒకటి తెచ్చి మిషన్‌కి బిగించింది. పైదారం ఆ చక్రం చుట్టూ తిరిగి సూదిలోకి పోతుంది. చక్రం తిరిగే కొద్దీ ఒక సన్నతాడు చుట్టుకుంటుంది. బాబిన్ ఖాళీ అయ్యే వేళకి తాడు బిగిసి, చిన్న సుత్తి జారి, పాత అలారం గడియారం గంట మీద పడుతుంది. అంతే. నెల తిరక్కుండా పక్క మిషన్ ఆవిడ అడిగింది, తర్వాత వెనక మిషన్ ఆవిడ అడిగింది. ఎవరికీ లేదనలేదు. ఆవిడ చెప్తుంటే మెకానిక్ తుక్కు రేకులతో చేసిపెట్టాడు. అప్పటినించి ఆవిడ గంటక్క అయింది.

మంచాన పడ్డాక ఒక్కటే మాట అంది. "పంతొమ్మిదేళ్లు చేశాను. నా ఫొటో ఉన్న ఫ్యాక్టరీ కార్డు కూడా వెనక్కి తీసేసుకున్నారు. దేనిమీదన్నా నా పేరు అచ్చులో పడుంటే బాగుండేది."

ఆ ఒక్క మాట కోసమే మెకానిక్ నడుం కట్టాడు. చదివింది ఆరో తరగతి. ప్యాంట్ల కొలతలు గీసే కాగితాల వెనక పదకొండు బొమ్మలు గీశాడు. చక్రానికి ఒకటి, తాడుకి రెండు, సుత్తికి మూడు అని అంకెలు వేశాడు. ఎలా పనిచేస్తుందో రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. ఏ ఆఫీసుకెళ్లినా సాక్ష్యం లేనిదే పని జరగదని అతనికి బతుకు నేర్పిన పాఠం. ఇల్లు అద్దెకి కావాలన్నా, చావు కాగితం కావాలన్నా ఇద్దరు సంతకం పెట్టాలి. మరి ఇంత పెద్ద పనికి ఎంతమంది పెట్టాలి? అందుకే అరవై మూడు మంది చేత పెట్టించాడు. ఎప్పటినించి వాడుతున్నారో తేదీతో సహా రాయించాడు.

ఒక పొద్దున సెలవు పెట్టి, గంటక్క చెల్లెల్ని, తన మరదల్ని తోడు తీసుకుని పేటెంట్ల లాయరమ్మ దగ్గరికి వెళ్లాడు. జిరాక్సు షాపు పైన గది. లాయరమ్మ బొమ్మలన్నీ బల్ల మీద పరిచింది.

"ఇవి ఎవరు గీశారండీ? మా దగ్గరికొచ్చే ఇంజినీర్లు కూడా ఇంత శుభ్రంగా గీయరు."

"నేనేనండి. బుర్ర మాత్రం మా ఆవిడది. మనిషి లేకపోయినా పేరు రాస్తారా?"

"కనిపెట్టినవాళ్ల పేరు దగ్గర ఆవిడ పేరే రాస్తాం. మనిషి పోతే పేరు పోదు."

మెకానిక్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ సంబరంలో ఫైలు తాడు విప్పి సంతకాల కట్ట ముందుకు తోశాడు. "సాక్ష్యాలండి. ఒకళ్లు కాదు, అరవై మూడు మంది."

లాయరమ్మ మొదటి కాగితం చదివింది. రెండోది చదివింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఆరేళ్లుగా వాడుతున్నారా?"

"మరేనండి. ఒక్కటి మొరాయిస్తే ఒట్టు."

"ఈ ఫ్యాక్టరీలోనేనా?"

"అబ్బే, మానేసి వెళ్లినవాళ్లు కూడా పట్టుకెళ్లారు. పక్క ఫ్యాక్టరీలో వంద దాకా ఉంటాయి. అడిగినవాళ్లకల్లా ఎలా చేసుకోవాలో మా ఆవిడ బొమ్మ గీసి మరీ ఇచ్చేది."

లాయరమ్మ కాగితాలు మళ్లీ కట్టగా సర్దింది. తర్వాత మెల్లగా చెప్పింది. "పేటెంట్ కొత్తదానికే ఇస్తారండి. అర్జీ పెట్టకముందే పదిమంది చేతుల్లోకి వెళ్లిపోతే, లెక్కప్రకారం అది కొత్తది కాదు. మీరు తెచ్చిన ఈ సాక్ష్యమే మీకు అడ్డం."

మెకానిక్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మరదలికి వెంటనే అర్థమైంది.

"ఆ కట్ట ఇలా ఇయ్యి బావా, చింపి పారేస్తా. మనం నోరు మూసుకుంటే ఎవడికి తెలుస్తుంది?"

"అర్జీలో ఉన్నదంతా నిజమని ఈయన సంతకం చేయాలమ్మా" అంది లాయరమ్మ. "ఎవరన్నా అడిగితే, మీ అక్క ఇది ఎవరికీ ఇవ్వలేదని ఈయనే చెప్పాలి."

మెకానిక్ సంతకాల వైపే చూస్తున్నాడు. నాలుగోది గుండీలు కుట్టే ముసలావిడది. చూపు ఆనక, తప్పు కుట్లు పడి, ఉద్యోగం ఊడే స్థితిలో ఉంటే, గంటక్క రెండు ఆదివారాలు కూర్చుని ఆవిడ మిషన్‌కి తగ్గట్టు చక్రం మార్చి ఇచ్చింది.

"ఇవ్వలేదని ఎలా చెప్పనే?" అన్నాడు.

"అక్క పేరు కోసమే కదా బావా!"

"మీ అక్క అందరికీ ఇచ్చింది. ఇవ్వలేదని రాసి, ఆ అబద్ధం కింద దాని పేరే వేయించమంటావా?"

మరదలు ముఖం తిప్పేసుకుంది. మెకానిక్ బొమ్మలు ఒక్కొక్కటే మడత పడకుండా చుట్టుకున్నాడు.

డ్యూటీ దిగే వేళకి ఇద్దరూ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే పోవాల్సి వచ్చింది. ఇంటికి వేరే దారి లేదు. ఆడవాళ్లు చుట్టుముట్టేశారు.

"ఏమైంది బాబాయ్? మా సంతకాలు పనికొచ్చాయా?" అంది పొడుగమ్మాయి.

మరదలు నోరు తెరవబోయింది. మెకానిక్ ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"పనికిరాకపోవడమేంటి? లాయరమ్మ తీరిగ్గా కూర్చుని చదివింది."

"మరి వచ్చేసినట్టేనా?"

"పెట్టేశాం. టైం పడుతుందంట. నాలుగైదేళ్లు."

"అన్నేళ్లా! అయినా పర్లేదులే. గంటక్క పేరు అచ్చులో పడ్డాక నాకొక కాపీ కావాలి. మా ఇంట్లో గోడకి పెట్టుకుంటా."

"నాకూ" అంది గుండీల ముసలావిడ వెనక నుంచి.

"అందరికీ ఇస్తాలే" అన్నాడు మెకానిక్.

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. మరదలు అంది, "నాలుగైదేళ్లయ్యాక వాళ్లకి ఏం చెప్తావ్ బావా?"

"మూడేళ్లకి నా రిటైర్మెంటు" అన్నాడు మెకానిక్.