పికప్పుకి సొర నూనె

ఆ రోజుల్లో, అంటే ఇందిరమ్మ కొత్తగా గద్దెనెక్కిన కాలంలో, రాజాంలో మా వీధి మొత్తానికి ఒక్కటే మోటారు బండి నిలబడేది. అదీ మా గుమ్మం ముందు. అందుకని వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి కుళ్లుకునేవారు. నేనేమో ఆ బండిని చూసి కుళ్లుకునేదాన్ని. (నాకు చదువు రాదు, నేను చెప్పినట్టే రాయమ్మా, దిద్దకు.) మాది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు, చేపలు పట్టుకు బతికే ఇల్లు. లేచింది మొదలు అలల హోరు, దాన్ని మించిన మనుషుల అరుపులు. అలాంటిదాన్ని పెళ్లయి రాజాం వస్తే పలకరించే దిక్కు లేదు. మా మావ, అంటే నా పెనిమిటి, ధాన్యం షావుకారి దగ్గర డ్రైవరు. మొదట్లో పాత లారీ మీద రాయపూర్ వెళ్లేవాడు. వెళితే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఒక్కదాన్నే వండుకుని, ఒక్కదాన్నే తిని, గోడతో మాట్లాడుకునేదాన్ని. గోడ నయం, ఎదురు చెప్పేది కాదు.

అలా ఉండగా షావుకారు నీలం రంగు కొత్త పికప్పు కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక తొట్టి. గోగునార కట్టలు నెల్లిమర్ల మిల్లులో దింపి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చే పని. అది మావకి ఇచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు. వానలు వెనకబట్టాక వచ్చి చూస్తాడట, రంగు కొన్ననాటిలా ఉంటే సరి, వెలిసిందంటే మావకి మళ్లీ రాయపూర్ లారీయే. మావ ఆ మాట నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

ఆదివారం వచ్చిందంటే బండికి తలంటు. ఎండలో కడగకూడదు, నీడకి తెచ్చి రేకు చల్లారాకే నీళ్లు పోయాలి. ముందు నీళ్లతో దుమ్ము జారిపోవాలి, అప్పుడే గుడ్డ పెట్టాలి, లేకపోతే ఇసక రేణువులు రంగుని గీసేస్తాయి. పైనుంచి కిందకి రావాలి. చక్రాల గుడ్డ వేరు, ఒంటి గుడ్డ వేరు. నీటి చుక్కలు ఆరి మచ్చలు కట్టకముందే పాత పంచెతో తుడిచేయాలి. చివర్న డబ్బాలో మైనం కొంచెం తీసి రుద్దాలి. మావ ఇవన్నీ నాకు చెప్పి చేయించేవాడు. మిగతా రోజుల్లో ఆయన నోట్లోంచి కూర బాగుందన్న మాట కూడా వచ్చేది కాదు. అందుకని నేను తెలిసినా తెలియనట్టు, ఏ గుడ్డ దేనికి అని ప్రతి ఆదివారం అడిగేదాన్ని. ఆయన ఓపిగ్గా మొదటినుంచీ చెప్పేవాడు.

వానలు వెనకబట్టాయి. షావుకారు మర్నాడు పొద్దున్నే వస్తానని కబురు పెట్టాడు. చూస్తే మైనం డబ్బా ఖాళీ. రాజాం బజారులో ఎక్కడా దొరకలేదు. మావ వెతికి వెతికి వచ్చి, మొహం వేలాడేసుకుని మధ్యాహ్నం కునుకు తీశాడు. నాకు రాయపూర్ లారీ కళ్లముందు తిరుగుతోంది. అప్పుడు మా బాబు, అంటే నన్ను కన్న తండ్రి, గుర్తొచ్చాడు. మా బాబు ఏటేటా పడవకి సొరచేప నూనె పట్టించేవాడు. ఉప్పునీళ్లలో నానే చెక్కనే కాపాడిన నూనె, వాన చుక్కకి వెలిసే రంగుని కాపాడదా? కీళ్ల నొప్పులకని మా బాబు పంపిన సీసా అటక మీద ఉంది. దించాను. పసిపిల్లకి పట్టించినట్టు ముందు తలుపులకి లోపలా బయటా, తర్వాత ముక్కుకి, సందుల్లో వేలు పెట్టి మరీ పట్టించాను. బండి నిగనిగలాడిపోయింది. అరుగు మీద కూర్చుని దాన్ని చూసుకుని మురిసిపోయాను.

ముందు ఒక పిల్లి వచ్చింది. తర్వాత దాని చుట్టాలొచ్చాయి. కాకులు తొట్టి అంచున బారు తీరాయి. ఎవరో వీధిలో ధాన్యం తూర్పారబడుతుంటే ఆ పొట్టంతా ఎగిరొచ్చి నూనెకి అంటుకుని, నా నీలం బండికి గడ్డం మొలిచింది. పక్కింటప్ప ముక్కు మూసుకుని బయటికొచ్చింది.

"ఒసే, మీ గుమ్మంలో సేపల సంత ఎప్పుడెట్టినారే?"

ఆ మాటకి మావ లేచాడు. బండిని చూశాడు, నన్ను చూశాడు.

"ఏటే ఇది?"

"సొర నూనె. మా బాబు పడవకి రాస్తాడు."

"ఇది పడవేటే?"

"నీల్లకి రంగు పోతాదని నువ్వే కదా సెప్పినావు. నువ్వు మల్లీ ఆ లారీ ఎక్కితే నానొక్కద్దాన్నీ ఎలాగుంతాను మావా?"

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పిల్లిని తోలి, కుంకుడుకాయలు కొట్టు అన్నాడు. పొద్దుగూకేదాకా ఇద్దరం కలిసి కుంకుడు నురగతో కడిగాం. ఏ గుడ్డ దేనికని ఆ రోజు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మధ్యలో ఒకసారి నా చెయ్యి వాసన చూసి, "ఇది ఒదలదే," అని నవ్వాడు.

వదల్లేదు. తెల్లారి షావుకారు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. రంగులో తన మొహం చూసుకుని మీసం సర్దుకున్నాడు. సరేనని తలుపు తీసి లోపల కూర్చున్నాడు. కూర్చున్నవాడు అంతే వేగంగా దిగి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"రంగు బాగానే ఉన్నాది గానీ ఒరే, దీన్ని ఇంకే డ్రైవరూ ముట్టడు. నువ్వే తోలుకో. నన్ను మాత్రం ఎక్కమనకు."

అలా నా మొగుణ్ణి నేను గెలుచుకున్నాను. రోజూ దీపాలవేళకి మావ ఇంట్లో ఉండేవాడు. పగలంతా దాచుకున్న కబుర్లన్నీ కంచం పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. మా ఊరు, మా బాబు, పక్కింటప్ప కోడి, అన్నీ. ఆయన నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, నేను అసలు సంగతికి వచ్చేసరికి గురక పెట్టేవాడు. దీనికోసమా నేనంత పాటుపడింది అనుకునేదాన్ని గానీ, చెప్పడం మాత్రం ఆపేదాన్ని కాను.

ఆయన పోయి చాన్నాళ్లయింది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. మధ్యలో ఆగి, "ఇంటన్నావా మావా?" అంటాను. ఆయనున్నప్పుడు మాత్రం జవాబు వచ్చిందేటే పిచ్చిదానా అని, ఆ నాటి పిల్లని తలుచుకుని నవ్వుకుని, మిగతాది చెప్పేస్తాను.