సైదులు పేరున్న పోర్టు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. ఏదైనా పనిచేయకపోతే వైరు చూడాలి, లేదంటే సెట్టింగు చూడాలి, మూడో కారణం ఉండదని ఎంతటివాళ్లతోనైనా వాదించేవాణ్ణి. మా ఇంట్లో అందరికీ నా ఈ మొండితనం తెలుసు.

2009లో మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టాను. ఏ కంప్యూటర్ లైన్ తెగినా, తిరిగి కలిసినా నా ఫోనుకి మెసేజ్ వచ్చేలా ఏర్పాటు చేశాను. నేనుండేది సూర్యాపేటలో. స్విచ్‌లో వైర్లు గుచ్చే పోర్టులకు నంబర్లు పెట్టబోతే మిల్లు సేటు ఒప్పుకోలేదు. "నంబర్లు మాకేం సమజైతయి? మనుషుల పేర్లు రాయి" అన్నాడు. సరేనని రాశాను. లారీలు తూచే కాంటా గది పోర్టుకి అక్కడ కూర్చునే సైదులు పేరు పెట్టాను.

ఆ ఎండాకాలం సైదులు గుండెపోటుతో పోయాడు. కాంటాని గేటు దగ్గరికి మార్చారు. పాత గది వైరు స్విచ్ నుంచి నేనే పీకేశాను. పేరు తీసేయడానికి మాత్రం బద్ధకించాను.

వారం తిరక్కుండానే మధ్యాహ్నం ఒంటిగంటకు మెసేజ్ వచ్చింది, సైదులు లైన్ కలిసిందని. పావుగంటకు తెగిందని ఇంకొకటి. మర్నాడూ అంతే. వెళ్లి స్విచ్ ముందు నిలబడ్డాను. ఒంటిగంటకు ఆ ఖాళీ పోర్టు లైటు నా కళ్ల ముందే వెలిగింది. వేలు పెట్టి తడిమి చూశాను, అందులో వైరు లేదు.

పాత గదికి వెళ్తే సైదులు భార్య ఎల్లమ్మ ఒక్కతే అన్నం తింటోంది. భర్త పోయాక ఆమెకు మిల్లులోనే ఊడ్చే పని ఇచ్చారు. నేనేమీ అడగకముందే, "గాయన కూసున్న జాగ సారూ. గీడ తింటెనే బువ్వ దిగుతది" అంది.

భయపడ్డానని ఒప్పుకోలేక, స్విచ్ పాడైందని నాకు నేనే చెప్పుకుని ఆ పోర్టు మెసేజ్‌లు ఆపేశాను.

రెండు నెలలకు కోదాడలో పనిలో ఉండగా, ఒంటిగంటకు మళ్లీ మెసేజ్. సైదులు లైన్ కలిసింది. నిమిషానికి ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి. తెగినట్టు ఒక్కటీ లేదు, కలిసినట్టే అన్నీ. విసుగొచ్చి ఫోను సంచిలో పడేశాను.

గంట తర్వాత మనసొప్పక మిల్లుకి ఫోన్ చేసి, పాత గది చూసి రమ్మన్నాను. ఎల్లమ్మ సద్ది గిన్నె పక్కన పడి ఉందట. ప్రాణం లేదు, ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగా ఉందట. "జర ముందుగాల సూస్తే బతుకుతుండెనేమో" అన్నాడు సేటు.

ఆ సాయంత్రం స్విచ్ రికార్డు తెరిచాను. ఆ పోర్టు మెసేజ్‌లు ఆపేసే ఉన్నాయి. ఆ రోజు నాకేమీ పంపినట్టు లేదు. నా ఫోనులో మాత్రం పదకొండు ఉన్నాయి. తెలిసిన ఇంజనీర్లకు చూపించాను, ఎవరూ ఏమీ తేల్చలేకపోయారు. అవి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరో నన్ను పదకొండు సార్లు బతిమాలారని మాత్రం తెలుసు.