ఆఖరి మాట మింగే శ్రీపాద సార్

శ్రీపాద సార్ ఏ వాక్యాన్నీ చివరిదాకా చదవరు. ఆఖరి మాట దగ్గర టక్కున ఆగిపోతారు. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు చదివి రిటైరైన మనిషికి నిరుటి నుంచి ఈ తెగులు పట్టుకుంది. బహదూర్‌పురాలో మా గల్లీ గల్లీ అంతా బాధితులమే.

రోజూ పొద్దున రామ్‌చందరన్న పాల దుకాణం ముందు బెంచీ మీద ఆయన పైకి పేపరు చదువుతారు. నిరుడు పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి రామ్‌చందరన్న ఆ పక్కనే ముభావంగా కూర్చుంటాడు. బేరమంతా భార్య లలితమ్మదే. సార్ పేపరును ఆయన వైపు ఒరిగించి, మాట మాట కింద వేలు జరుపుతారు. పాల కోసం వచ్చిన మేము వార్తల కోసం నిలబడి ప్రాణాల మీదికి తెచ్చుకుంటాం.

"రోడ్డు వెడల్పు పనుల్లో బహదూర్‌పురా ఇళ్లను…" అని ఒకరోజు ఆగారు.

మా పక్కింటి నర్సింహ పాలక్యాను మీద కూలబడ్డాడు. "కూలగొడ్తరా సార్? జర జల్ది చెప్పున్రి!"

సార్ నింపాదిగా కళ్లజోడు తుడుచుకున్నారు. అరనిమిషం తర్వాత తేలిందేమిటంటే, కూల్చరట.

అన్నిటికంటే ఆయనకు మరణవార్తలంటే ప్రీతి. అసలే ముసురు, గోడలకు నాచు, ఇంట్లో తడి బట్టల వాసన.

"పొద్దుగాల్నే సావు కబుర్లేంది సార్?" అన్నాను.

"గవైతే అల్కగ, సులువుగ ఉంటయ్ రవీందర్."

చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో నా పని. ఆలస్యమైతే సేటు లొల్లి. ఒకరోజు సార్ "గుండెపోటుతో మృతి…" అని ఆగగానే నాకు ఒళ్లు మండింది.

"చెందారు! చెందారు! ఇగ సాలా సార్?"

"నిన్నెవరడిగిన్రు?" శ్రీపాద సార్ అరిచారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. రామ్‌చందరన్న లేచి, తలొంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

లలితమ్మ పాల గిన్నె కింద పెట్టింది. "ఎవ్వరికి చెప్పొద్దనుకున్న రవీందర్. పక్షవాతం చెయ్యిని ఇడిసింది గని సదువును ఇడువలే. అచ్చరాలు కనవడ్తయ్, మాట గుర్తువట్టడు. దుకాణం బోర్డు మీద సొంత పేరు గూడ."

"మరి సారు…"

"ఒంటి మాట గుర్తువట్టకున్నా, ముంగట మాటలు ఇనుకుంట పోతే మనసు తర్వాతి మాటను తయారుగ పెట్టుకుంటదట. కన్ను దాన్ని పోల్చుకుంటే సాలని డాక్టర్ అన్నడు. అందుకే సారు ఆఖరిది ఈయన కోసం ఇడుస్తడు. నువ్వేమో గుంజుకున్నవ్."

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు రామ్‌చందరన్న బయటికి రాలేదు. మూడోరోజు సార్ చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆ తర్వాత గల్లీలో ఎవరూ నోరు విప్పితే ఒట్టు.

అయినా సార్‌కు దిగులే. "సావు కబురు ఆఖరి మాట ఎవరైన చెప్తరు రవీందర్. ఆయన సదువుతున్నడా, అందాజ కొడ్తున్నడా?"

పోయిన వారం మూడు రోజులు నల్లాలు బంద్. పైన వాన, ఇంట్లో ఖాళీ బిందెలు. అందరం బెంచీ చుట్టూ చేరాం.

"పైపుల పని సగం పైగా పూర్తయింది. బహదూర్‌పురాకు రేపు పొద్దున నల్లా నీళ్లు…"

'వస్తాయి' అని అందరి నాలుక మీదా ఉంది. పళ్లు బిగబట్టుకున్నాం. రామ్‌చందరన్న పేపరు మీదికి వంగి, ఆ మాట కింద వేలుపెట్టి చాలాసేపు చూశాడు.

"రావు," అన్నాడు.

"వస్తయ్ అను అన్నా!" నర్సింహ బతిమాలాడు.

"రావు అనే రాసుంది. నీ కండ్లేమైనయ్?" రామ్‌చందరన్న విసుక్కున్నాడు.

శ్రీపాద సార్ ఒక్క గెంతు గెంతి ఆయన్ను వాటేసుకున్నారు. "రావు! రేపు గూడ నీళ్లు రావు!" ఖాళీ బిందెతో పోతున్నావిడ ఆగి, పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. గల్లీ అందరికీ సార్ ఖర్చుతో చాయ్. నీళ్లు లేక లలితమ్మ ఉత్త పాలతోనే కాచింది.

గ్లాసు ఖాళీ చేసి సార్ పేపరు మడిచి రామ్‌చందరన్న ఒళ్లో పెట్టారు. "ఇగ రేపట్నించి పేపరు నువ్వే…" అని ఆగారు.

ఎవరూ అందించలేదు. రామ్‌చందరన్న ఏడాదిలో మొదటిసారి నవ్వాడు.

"సదువుత సారూ."