గీతల బావ

ఏది చదివినా దానిమీద గీత గీస్తే తప్ప నిద్రపట్టని మనిషి కనక అతన్ని అందరూ గీతల బావ అన్నారు. వరస కుదరనివాళ్ళు కూడా బావే అన్నారు. పూర్వం పెన్సిలుతో గీసేవాడు. టాబ్లెట్ వచ్చాక పెన్సిలు పోయి వేలు మిగిలింది, వేలితోపాటు నాలుగు రంగులొచ్చాయి. ఇక పట్టపగ్గాల్లేవు. ఇంటికి కొత్త ఫ్రిజ్ వస్తే, దాని సూచనల పుస్తకం దించుకుని మరీ గీశాడు. "తలుపు సరిగా మూయవలెను" అన్న చోట "చాలా ముఖ్యం" అని ట్యాగు తగిలించాడు.

ఈ గీతల కింద పడి అందరికంటే ఎక్కువ నలిగినవాడు అతని బావమరిది. ఇద్దరూ కలిసి కళ్ళద్దాల దుకాణం నడుపుతున్నారు. లోపల కళ్ళు పరీక్షించే గది బావది. బయట కౌంటరూ, అద్దాలు అరగదీసే మిషనూ బావమరిదివి. ఇద్దరికీ కలిపి ఒకటే టాబ్లెట్. వచ్చేవాళ్ళ పవర్ల వివరాలూ అందులోనే, బావగారి పుస్తకాలూ అందులోనే.

ఓసారి ఒక బ్యాంకు గుమస్తా పవర్ చూద్దామని తెరిస్తే, తెర నిండా పచ్చగా "మనిషికి కావలసింది లోచూపు" అని ప్రత్యక్షమైంది. గీసిన వాక్యాల్లోంచి రోజుకొకటి బయటికి తీసి గుర్తుచేయడం ఆ యాప్ ఉద్యోగం.

"లోచూపు తర్వాత చూద్దాం, ముందు నా దగ్గరచూపు సంగతి చెప్పండి," అన్నాడు గుమస్తా.

"బావా! నీ యాప్ మళ్ళీ అడ్డమొచ్చింది!"

"బాగుంది కదూ?" అంది లోపలి గొంతు. "దానికి నీలం వెయ్యాల్సింది, తొందరలో పసుపు వేసేశాను."

గోడమీది అక్షరాల పటాన్ని కూడా వదల్లేదు. అడుగున ఉండే చీమతలకాయలంత వరసకి స్కెచ్ పెన్నుతో రంగు పూశాడు. ఎవరూ దాన్ని చదవలేక చిన్నబోతున్నారట, పాపం. కొత్త పటం బావమరిదే తెచ్చి తగిలించాడు.

ఇంతవరకూ పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఈమధ్య బావ ఒక అపరాధ పరిశోధన నవల మొదలుపెట్టాడు. బావమరిది ఊరికే తొంగిచూసి అదిరిపోయాడు. మొదటి పేజీ అంతా పసుపు. రెండోదీ అంతే. రంగు పడని లైను వెతకడానికి అద్దాలు పెట్టుకున్నా లాభం లేకపోయింది.

"బావా, అన్నీ ముఖ్యమే అయితే ఇక ముఖ్యమైంది ఏది?"

"ఏదో ఒక లైనుని పట్టుకుని అలా తక్కువ చేసి మాట్లాడకు, బామ్మర్దీ."

"'అతను కుర్చీలో కూర్చున్నాడు' అన్నది కూడా గీశావు!"

"మరి కూర్చోకపోతే తర్వాత లేచేదెలా?"

మనిషికి మతి చలిస్తోందని బావమరిదికి నిజంగానే బెంగపట్టుకుంది. బాగుచేసే భారం తనదే అనుకున్నాడు. బావ భోజనానికి వెళ్ళినప్పుడు టాబ్లెట్ ముందేసుకుని, నవల చివరి అధ్యాయంలో పసుపంతా చెరిపేసి, నాలుగు మంచి వాక్యాలు మాత్రం ఉంచాడు. ఇల్లు కడిగినంత హాయిగా ఉంది ప్రాణానికి.

బావ ఇలా వచ్చి కూర్చున్నాడో లేదో టాబ్లెట్‌లో గొంతు సందేశం వచ్చింది. నొక్కితే పలికింది బావమరిది తల్లి. ఆవిడ ఉండేది కూతురి దగ్గర, అంటే బావ ఇంట్లోనే.

"అల్లుడుగారూ, ఏమిటీ అన్యాయం? దొంగ దొరికే వేళకి నాలుగు ముక్కలు పంపి ఊరుకున్నారు! పొద్దుటి దాకా బోలెడు లైన్లున్నాయి, ఇప్పుడు చూస్తే లేవు. ఆ హారం తీసిందెవరో తెలియకుండా నాకు అన్నం ఎలా సహిస్తుందీ?"

బావ నవల తెరిచి చూసి, బావమరిది మొహం చూశాడు. బావమరిది చూపు మిషను మీదికి మళ్ళింది.

"నేనే చెరిపాను. అయినా అమ్మకి నీ గీతలెందుకు? పుస్తకం ఉందిగా?"

"అత్తయ్యగారు పుస్తకం చదవలేరు, బామ్మర్దీ."

"నేను వెళ్ళినప్పుడల్లా చేతిలో పుస్తకం ఉంటుందిగా!"

"ఉంటుంది. పేజీ తిప్పడం ఎప్పుడైనా చూశావా?"

బావమరిది మిషను వదిలి బావ దగ్గరికొచ్చాడు.

"చూపు నడిమధ్యలో మసక. ఇక అద్దాలతో లాభం లేదన్నాడు కంటి డాక్టరు. అద్దాలమ్మే కొడుక్కి ఆ మాట ఎలా చెబుతాం, వాడు కుంగిపోతాడు అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను గీసిన లైనల్లా ఒక్కోటీ తెరంత అక్షరాలతో ఆవిడ ఫోన్లో పడుతుంది. గీస్తేనే పడుతుంది. గీయకపోతే పడదు."

"మరి పుస్తకంలోనే అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వచ్చుగా?"

"ఇచ్చాను. 'నన్ను గుడ్డిదాన్ని చేసేశారా' అని విసిరికొట్టినంత పనిచేశారు. అదే 'అత్తయ్యగారూ, నాకు నచ్చిన లైన్లు పంపుతున్నాను, కాస్త చూసి చెప్పండి' అన్నాననుకో, 'అల్లుడికి ఏది ముఖ్యమో తెలిసి చావదు, నేను దిద్దకపోతే ఎలా' అని చివరిదాకా చదువుతారు. అల్లుణ్ణి దిద్దుతుంటే ఆవిడకి కంటినొప్పి కూడా తెలియదు."

బావమరిదికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ పిచ్చివాడనుకున్న మనిషి తన తల్లికి వేలితో పుస్తకాలు చదివిపెడుతున్నాడు. "జరుగు బావా, నేను గీస్తాను," అన్నాడు.

"లైను వంకర పోనీకు."

"నాకు నేర్పకు."

కూర్చుని గీశాడు. వేలు పట్టు తప్పి కొంత పచ్చగా, కొంత గులాబీగా వచ్చింది. మధ్యలో వాన వర్ణన వస్తే, దొంగకోసం ఆవిడ ఎదురుచూస్తుంటే వానెందుకులే అని దాటేశాడు. దొంగ దొరికాడు. గీతలన్నీ వెళ్ళాయి. ఇద్దరూ టాబ్లెట్ మీదికి వంగి కూర్చున్నారు. చత్వారానికి అద్దాలు కావాలని వచ్చిన ఒక పెద్దమనిషి చాలాసేపు దగ్గి, చివరికి తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సందేశం వచ్చింది.

"అల్లుడుగారూ, దొంగని నేను ముందే పట్టేశాను, అది వేరే సంగతి. కానీ ఈ గీతలు మీవి కావు. పరుగు, పరుగు, ఒక్క వర్ణన లేదు. మా వాడివే. బళ్ళో చదివే రోజుల్నించీ వర్ణన కనిపిస్తే చాలు, దూకేసేవాడు. వాడితో చెప్పండి, నా కళ్ళకేం రాలేదని. ఏదో మీ ఇద్దరికీ చదవడం నేర్పుదామని ఓపిక చేసుకుంటున్నానంతే. ఆ దాటేసిందేదో పంపమనండి."

బావమరిది మళ్ళీ ఆ పేజీకి వెళ్ళి, వదిలేసిన వాననంతా మొదటి చినుకు నుంచి గీసి పంపాడు.

"ఆఁ, ఇప్పుడు కథ చదివినట్టుంది," అని జవాబొచ్చింది.